మధ్యాహ్నం బడిలో అన్నం పెట్టించిన ముఖ్యమంత్రి: కామరాజ్

స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాసివ్వమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, ఇంజనీరును కాబట్టి మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి గురించో, కె.ఎల్. రావు గారి గురించో రాస్తానని అనుకుని ఉంటారు. వాళ్ళ గురించి రాయగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను ఆరో తరగతితో బడి మానేసిన ఒకాయన్ని ఎంచుకున్నాను. మన పూర్వ విద్యార్థుల సంఘం పుట్టిన 1975లోనే ఆయన కన్నుమూశారు. ఆయన కామరాజ్. మద్రాసు రాష్ట్రానికి తొమ్మిదేళ్ళు ముఖ్యమంత్రి. మన రాష్ట్రం ఆ రాష్ట్రం నుంచి విడిపోయిన ఆరు నెలలకే ఆయన ఆ కుర్చీలో కూర్చున్నారు కాబట్టి, కొద్దిలో మనకు ముఖ్యమంత్రి కాకుండా పోయారన్నమాట!

ఆయన 1903 జూలై 15న విరుదునగర్‌లో పుట్టారు. అప్పట్లో ఆ ఊరిని విరుదుపట్టి అనేవారు. నాడార్ల కుటుంబం. ఆ రోజుల్లో నాడార్లను గుళ్ళలోకి రానిచ్చేవారు కాదు. ఆయన పుట్టడానికి నాలుగేళ్ళ ముందు, 1899లో, దగ్గర్లోనే ఉన్న శివకాశిలో వాళ్ళ ఇళ్ళమీద పడి దోచి తగలబెట్టారు. అలాంటి కాలంలో ఆ సమాజం తన కాళ్ళమీద తాను నిలబడటానికి ఎంచుకున్న దారుల్లో ఒకటి వ్యాపారం, రెండోది బడి. మన మార్కెట్లలో బస్తాకింత అని ధర్మం పేరిట తీసినట్టే, వాళ్ళ వర్తకులు సరుకు మీద కొంత తీసి ఉమ్మడి నిధిలో వేసేవారు. విరుదునగర్‌లో క్షత్రియ విద్యాశాల అనే బడిని అలాగే నడిపారు. ఇంటింటా ఆడవాళ్ళు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు పక్కన వేసేవారు. అలా పోగైన బియ్యం బడి ఖర్చుకు వెళ్ళేది. పిల్లలకు ఫీజు లేదు. కామరాజ్ చదివింది ఆ బడిలోనే.

ఈ పిడికెడు బియ్యం సంగతి గుర్తుపెట్టుకోమని మనవి. తర్వాత ఆయన చేసిన పనికి మూలం నాకు ఇక్కడే కనిపిస్తుంది.

తండ్రి కుమారస్వామి నాడార్ కొబ్బరికాయల వ్యాపారి. కొడుక్కి ఆరేళ్ళప్పుడు పోయారు. తల్లి శివకామి అమ్మాళ్ ఒంటిమీది నగలు అమ్మి, ఆ డబ్బు ఒక వర్తకుడి దగ్గర దాచి, నెలనెలా వచ్చే వడ్డీతో ఇల్లు నడిపింది. అంత ఇబ్బందిలో అబ్బాయిని ఎన్నాళ్ళు చదివిస్తుంది? పన్నెండేళ్ళు నిండేలోపే మేనమామ బట్టల కొట్లో కూర్చోబెట్టారు. చదువులో వెనకబడి మానలేదు, ఇంట్లో గడవక మానారు. ఫీజు లేని బడి కూడా ఆయన్ని నిలబెట్టుకోలేకపోయింది. ఫీజు తీసేస్తే పిల్లలు వస్తారనుకునే పెద్దమనుషులకూ ఆయనకూ తేడా ఇదే. బడి మానడం అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

బట్టల కొట్లో కూర్చున్న కుర్రాడు పత్రికలు చదవడం మొదలుపెట్టాడు. జలియన్‌వాలాబాగ్ వార్త చదివేనాటికి పదహారేళ్ళు. ఆ తర్వాత ఊళ్ళోకి కాంగ్రెస్ ఉపన్యాసకులెవరు వచ్చినా ముందు వరసలో ఉండేవాడు. ఇలా అయితే చేతికి అందడని ఇంట్లోవాళ్ళు తిరువనంతపురంలో ఇంకో మామ కలప అడితికి పంపితే, అక్కడి నుంచి వైకోం సత్యాగ్రహానికి వెళ్ళాడు. వెనక్కి పిలిపించి పెళ్ళి చేద్దామంటే ఒప్పుకోలేదు. జీవితాంతం ఒప్పుకోలేదు.

ఆ రోజుల్లోనే తిరునెల్వేలి జిల్లా చేరన్మహాదేవిలో ఒక గొడవ జరిగింది. ప్రముఖ జాతీయవాది వి.వి.ఎస్. అయ్యర్ అక్కడ ఒక గురుకులం నడిపేవారు. కాంగ్రెస్ కమిటీ దానికి విరాళం ఇచ్చింది. అక్కడ ఇద్దరు బ్రాహ్మణ పిల్లలకు విడిగా భోజనం పెడుతున్నారని తెలిసి తమిళనాడంతా భగ్గుమంది. పదిమంది డబ్బుతో నడిచే బడిలో పిల్లలు వేరువేరుగా ఎలా తింటారన్నది ప్రశ్న. పెరియార్ రామస్వామి 1925లో కాంగ్రెస్‌ను వదిలి వెళ్ళడానికి ఉన్న కారణాల్లో అదొకటి. కామరాజ్ కాంగ్రెస్‌లోనే ఉండిపోయారు. కానీ బడిలో పంక్తి భోజనం అనేది ఎంత పెద్ద విషయమో ఆ తరం వాళ్ళందరికీ తెలుసు.

1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంతో మొదలై, 1945 దాకా ఆయన జైళ్ళకు వెళ్తూ వస్తూనే ఉన్నారు. అన్నీ కలిపితే సుమారు తొమ్మిదేళ్ళు. ముఖ్యమంత్రిగా చేసినదీ తొమ్మిదేళ్ళే. బడి ఇవ్వలేకపోయిన చదువు జైలు ఇచ్చింది. ఇంగ్లీషు చదవడం అక్కడే అబ్బింది. గురువు ఎస్. సత్యమూర్తి. 1940లో శిష్యుడు తమిళనాడు కాంగ్రెస్‌కు అధ్యక్షుడైతే గురువు ఆయన కింద కార్యదర్శిగా పనిచేశారు. ఈ కాలంలో ఊహించుకోవడానికి కూడా కష్టమైన విషయం. జైల్లో ఉండగానే విరుదునగర్ మునిసిపాలిటీకి ఛైర్మన్‌గా ఎన్నుకుంటే, బయటికొచ్చి ఆ కుర్చీలో కూర్చుని, పూర్తిగా న్యాయం చేయలేని పదవి తనకొద్దని వెంటనే రాజీనామా చేశారు.

ఇక అసలు విషయానికి వస్తాను.

1953లో రాజాజీ ముఖ్యమంత్రి. పిల్లలందరికీ చదువు చెప్పాలంటే బడులు చాలవు, డబ్బు లేదు. మద్యనిషేధం అమల్లో ఉంది కాబట్టి సారా ఆదాయం కూడా లేదు. రాజాజీ గొప్ప మేధావి. ఆయన వేసిన లెక్క ఏమిటంటే, పిల్లల్ని రెండు జట్లు చేసి ఒక్కో జట్టుకు పూటకు మూడు గంటలు బడి పెడితే ఉన్న గదులతో, ఉన్న పంతుళ్ళతో రెట్టింపు మందికి చదువు చెప్పవచ్చు. మిగతా పూట పిల్లలు ఇంట్లో తల్లిదండ్రుల వృత్తి నేర్చుకుంటారు. ఇంజనీరుగా చూస్తే లెక్కలో తప్పులేదు. ఉన్న యంత్రాన్ని రెండు షిఫ్టులు నడపడమే కదా! కానీ చాకలి కొడుకు చాకిరేవుకు, కుమ్మరి కొడుకు సారె దగ్గరికి అని తేల్చేస్తున్నారని జనానికి అర్థమైంది. కులవిద్య అని పేరు పెట్టి ఎదిరించారు. రాజాజీ దిగిపోవాల్సి వచ్చింది.

1954 ఏప్రిల్ 13న కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యారు. పోటీ చేసి ఓడిన సి. సుబ్రహ్మణ్యాన్నీ, ఆయన పేరు ప్రతిపాదించిన భక్తవత్సలాన్నీ మంత్రివర్గంలోకి తీసుకున్నారు. మొత్తం ఎనిమిది మందే మంత్రులు. సగం పూట బడి పథకాన్ని ఎత్తేశారు. శాసనసభకు గుడియాత్తం నుంచి ఉప ఎన్నికలో నెగ్గి వచ్చారు. మన చిత్తూరు జిల్లా పొలిమేరలో ఉన్న ఊరది.

ఖజానాలో డబ్బు మాత్రం అంతే ఉంది, రాజాజీ కాలంలో ఎంతో అంతే. ఖర్చు తగ్గించుకోవడానికి చదువును సగం చేయడం ఒక మార్గం. కామరాజ్ దానికి పూర్తిగా ఎదురు దిశలో నడిచి చదువు పద్దులోకి తిండి ఖర్చు కూడా తెచ్చిపెట్టారు.

దీని వెనక ఒక కథ తమిళనాట ప్రతి బడిపిల్లాడికీ తెలుసు. ముఖ్యమంత్రి కారు చేరన్మహాదేవి దగ్గర రైల్వే గేటు పడి ఆగిందట. పక్కన పశువులు కాస్తున్న పిల్లవాణ్ణి పిలిచి బడికెందుకు వెళ్ళలేదని అడిగారట. వెళ్తే అన్నం నువ్వు పెడతావా అన్నట్టు ఎదురడిగాడట ఆ పిల్లవాడు. కథ బాగుంది, జనం నోట నిలిచింది. అయితే ఒక రాష్ట్రమంతా నడిచే పథకం ఒక్క రైలుగేటు దగ్గర పుట్టదు. దాని వెనక చాలా ఏళ్ళ పని ఉంది, అందులో ముందు మాట ఒక తెలుగాయనది.

పిట్టి త్యాగరాయ చెట్టి గారు తెలుగు దేవాంగుల ఇంట పుట్టినవారు, చేనేత వ్యాపారి, జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరు. ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా 1920లో థౌజండ్ లైట్స్ దగ్గరి కార్పొరేషన్ బడిలో పిల్లలకు రోజూ టిఫిన్ పెట్టాలని తీర్మానించారు. ఒక్కొక్కరికి రోజుకు అణా మించకూడదని షరతు. బడికి వచ్చే పిల్లల సంఖ్య పెరిగింది, ఇంకొన్ని బడులకూ విస్తరించారు. తర్వాత 1925లో అది ఆగింది. ప్రాథమిక విద్యానిధిలోని డబ్బు తిండికి ఖర్చు పెట్టడానికి చట్టం ఒప్పుకోదని అభ్యంతరం వచ్చింది. ప్రభుత్వ కాంట్రాక్టులతో పనిచేసిన మనవాళ్ళకు ఈ బాధ బాగా తెలుసు. పని మంచిదే, డబ్బూ ఉంది, పద్దు వేరు!

ముప్పై ఏళ్ళ తర్వాత కామరాజ్ చేసింది ఆ పద్దును మార్చడం. ఆయనకు కుడిభుజం విద్యాశాఖ డైరెక్టర్ నె.దు. సుందరవడివేలు. పల్లెటూరి బడుల్లో తిరిగి, ఎక్కడెక్కడ ఊరివాళ్ళు చేయి కలుపుతారో చూసి వచ్చిన అధికారి. 1956లో మహాకవి భారతి పుట్టిన ఎట్టయాపురంలో పథకాన్ని ప్రారంభించారు. మొదట్లో ఎక్కువగా ఊరి విరాళాల మీదే నడిచింది. ఒక ఊళ్ళో రైతు బియ్యం ఇస్తే, ఇంకో ఊళ్ళో కొట్టు శెట్టి పప్పు ఇచ్చేవాడు. అంటే విరుదునగర్ పిడికెడు బియ్యమే మళ్ళీ. కామరాజ్ అక్కడితో ఆగి ఉంటే ఇవాళ ఆయన గురించి రాయాల్సిన పని ఉండేది కాదు. పూటకు ఇంత అని ప్రభుత్వం గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. పెద్ద వాటా సర్కారుది, చిన్న వాటా ఊరిది. డబ్బెక్కడిదని అడిగినవాళ్ళకు, అవసరమైతే తానే ఊరూరా తిరిగి బిచ్చమెత్తుతానని సమాధానమిచ్చారని చెబుతారు. బిచ్చమెత్తడానికి సిద్ధపడుతూనే బడ్జెట్‌లో గీత గీయించారు, అదీ ఆయన తెలివి.

1956-57 బడ్జెట్ అంచనా చూడండి. 8,000 ప్రాథమిక పాఠశాలలు, 65,000 మంది నిరుపేద పిల్లలు, ఏడాదికి 200 రోజులు. భాగించి చూస్తే ఒక్కో బడికి ఎనిమిది మంది. ఎంత చిన్న మొదలో! అయినా ఏడాదికి కోటీ ముప్పై లక్షల పూటలు. ప్రతి పూటా గంట కొట్టే వేళకు అన్నం ఉడికి ఉండాలి. ఒక వంతెనకో డ్యామ్‌కో ఆర్నెల్లు ఆలస్యమైతే కట్టలు మీద కట్టలు ఫైళ్ళు నడుస్తాయి తప్ప ఎవరికీ పూట గడవకపోదు. అన్నం ఒక్క పూట ఆలస్యమైతే ఆ పూట పోయినట్టే. దానికి బకాయి కింద రేపు రెండు పూటలు పెట్టలేం. ఈ పథకం కష్టమంతా ఇక్కడే ఉంది, ఇప్పటికీ.

ఉద్యోగరీత్యా నేను తిరుచ్చిలో కొన్నేళ్ళు ఉన్నాను. అక్కడి బాయిలర్ ఫ్యాక్టరీ కూడా కామరాజ్ పట్టుబట్టి తెచ్చుకున్నదేనని అంటారు. నా సెక్షన్‌లో పెద్దవయసు ఫోర్‌మన్ ఒకాయన ఉండేవారు. భోజనాల దగ్గర కబుర్లలో తాను ఆ ఎనిమిది మందిలో ఒకణ్ణని చెప్పేవారు. మిగతా పిల్లలు ఇళ్ళకు వెళ్తే తాము బడిలో కూర్చుని తినేవాళ్ళమని, మొదట్లో సిగ్గుగా ఉండేదని, పది రోజులకు సిగ్గు పోయి ఆకలే మిగిలిందని నవ్వేవారు. ఆ మాట విన్నాక నాకు మన బడి గుర్తొచ్చింది. మన రోజుల్లో మధ్యాహ్నం గంట కొడితే దగ్గర్లో ఇళ్ళున్నవాళ్ళు ఇళ్ళకు, క్యారేజీలు తెచ్చుకున్నవాళ్ళు వేపచెట్టు కిందకు. వాడల నుంచి నడిచి వచ్చేవాళ్ళు కొందరు చేతిపంపు దగ్గర ఆడుతున్నట్టు నిలబడి కడుపునిండా నీళ్ళు తాగేవారు. ఏడో తరగతి తర్వాత వాళ్ళలో చాలామంది మన గ్రూప్ ఫోటోల్లో కనిపించరు. ఈసారి పాత ఫోటోలు తిరగేసినప్పుడు గమనించండి.

1961 నుంచి కేర్ సంస్థ ద్వారా అమెరికా పాలపొడి, నూనె, మొక్కజొన్న పిండి వచ్చాయి. పథకం పెరిగింది. పిల్లలకు ఉచిత యూనిఫాం వచ్చింది. ఒకే రంగు బట్ట వేసుకుంటే ఎవరు లేనివాడో ఎవరు ఉన్నవాడో తెలియదన్నది ఉద్దేశం. పేదపిల్లలకు హైస్కూలు దాకా ఫీజులు ఎత్తేశారు. 1958 నుంచి పాఠశాల అభివృద్ధి మహాసభలు అని జిల్లాల్లో నడిపారు. ఊరివాళ్ళు బడికి ఏమిస్తారో సభలో చెప్పి ఇవ్వాలి. స్థలం, గది, బెంచీలు, నల్లబల్ల, గడియారం, గంట, వంటపాత్రలు, ఎవరికి తోచింది వాళ్ళు. చాలా సభలకు ముఖ్యమంత్రే వెళ్ళి కూర్చునేవారు.

ఇక్కడ ఒక మాట. మన సంఘం సమావేశాల్లో స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కట్టించాలా, వంటషెడ్డు వేయించాలా అని ఏడాదిగా వాదన నడుస్తోంది. మూడో ప్రతిపాదన కూడా వచ్చింది, రోజూ భోజనం ఖర్చే మనం భరిద్దామని. నేను షెడ్డు పక్షం. ఒకసారి కట్టి వదిలేసేది దాత ఇవ్వగలడు. పంపు, పొయ్యి, కంచాలు, కూర్చోవడానికి నీడ ఇవన్నీ మనం ఇవ్వవచ్చు. రోజూ ఉడకాల్సిన అన్నం దాతల మంచితనం మీద ఆధారపడకూడదు. మన సంఘంలో ఒక ఏడాది చందాలు బాగా వస్తాయి, ఒక ఏడాది రావు. పిల్లల ఆకలికి అలాంటి తేడా ఉండదు. కామరాజ్ పెద్ద వాటా సర్కారు మీద, చిన్న వాటా ఊరిమీద పెట్టడంలో ఈ వివేకం ఉందని నా నమ్మకం. కాదనేవాళ్ళతో వాదించడానికి నేను సిద్ధమే, అయితే వానాకాలంలో ఒకసారి మధ్యాహ్నం బడికి వచ్చి, వరండాలో చినుకులకు కంచాలు వెనక్కి జరుపుకుంటున్న పిల్లల్ని చూసిన తర్వాత వాదిద్దాం.

ఆయన తర్వాత ఆ పథకం ఎలా సాగిందో క్లుప్తంగా చెబుతాను. 1982 జూలై 1న ఎం.జి. రామచంద్రన్ దాన్ని పౌష్టికాహార పథకంగా విస్తరించి, నిరుపేదలకే అన్న గీత చెరిపేసి, బాలవాడీ పిల్లల్ని కూడా చేర్చారు. ఎనిమిది మంది విడిగా కూర్చునే రోజులు అలా పోయాయి. 1995 ఆగస్టు 15న కేంద్రం దేశమంతటికీ పథకం ప్రకటించింది, కానీ చాలా రాష్ట్రాల్లో నెలకు మూడు కిలోల బియ్యం సంచిలో పోసి ఇంటికి పంపడమే అయింది. వండి పెట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఉత్తర్వు ఇచ్చింది. మన దగ్గర 2003 జనవరి నుంచి బడిలో పొయ్యి వెలిగింది. ఎట్టయాపురానికీ మనకూ నడుమ దాదాపు నలభై ఏడేళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కోనసీమలో వేళకాని వేళ వచ్చినవాళ్ళకు కూడా వండి వడ్డించిన తల్లి ఆమె. పేరు తగినదే. ఆ పేరు కింద వండుతున్న మహిళలకు బిల్లులు వేళకు అందితే ఇంకా తగి ఉంటుంది.

కామరాజ్ మిగతా జీవితం రాజకీయ చరిత్ర పుస్తకాల్లో ఉంది, నేను ఆగను. 1963 అక్టోబర్ 2న పార్టీ పని కోసమని తనంతట తాను ముఖ్యమంత్రి పదవి వదిలేశారు. ఆయన పేరుతోనే ఆ ప్రణాళిక నడిచి, ఆరుగురు కేంద్రమంత్రులూ ఆరుగురు ముఖ్యమంత్రులూ దిగిపోయారు. కాంగ్రెస్ అధ్యక్షుడై, నెహ్రూ తర్వాత శాస్త్రి గారినీ, శాస్త్రి గారి తర్వాత ఇందిరనూ ప్రధానిని చేయడంలో ముఖ్యపాత్ర వహించారు. తానే ప్రధాని అయ్యే అవకాశం వచ్చినా వద్దన్నారు. 1967లో సొంత ఊరు విరుదునగర్‌లో ఒక విద్యార్థి నాయకుడి చేతిలో 1,285 ఓట్ల తేడాతో ఓడిపోయారు. తమిళనాడంతా బడిబాట పట్టించిన మనిషిని ఒక విద్యార్థి ఓడించడం విధి చమత్కారం. బియ్యం కొరత, హిందీ వ్యతిరేక ఉద్యమం ఆ ఏడు కాంగ్రెస్‌ను ముంచాయి. 1969లో నాగర్‌కోయిల్ నుంచి లోక్‌సభకు వెళ్ళారు. అదే ఏడాది రాష్ట్రపతి ఎన్నికలో మన సంజీవరెడ్డి గారి పక్షాన నిలిచారు. ఎదుట నెగ్గిన వి.వి. గిరి గారూ తెలుగువారే. పార్టీ చీలింది, ఆయన ఇందిరకు దూరమయ్యారు.

తల్లి చివరిదాకా విరుదునగర్‌లో ఆ పాత ఇంట్లోనే ఉంది. ముఖ్యమంత్రి తల్లి అని మునిసిపాలిటీ వాళ్ళు ఇంట్లోకి నేరుగా కుళాయి వేస్తే కొడుకు పీకించేశారని అక్కడివాళ్ళు చెబుతారు. నా మటుకు నాకు ఇది కొంచెం కఠినంగానే అనిపిస్తుంది. ముసలామెకు వీధి కుళాయి దాకా నడక తప్పలేదు కదా.

ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాటి మధ్యాహ్నం మద్రాసు టీ.నగర్‌లో అద్దె ఇంట్లో గుండెపోటుతో పోయారు. డెబ్భై రెండేళ్ళు. కొన్ని ఖద్దరు చొక్కాలు, పంచెలు, పుస్తకాలు, నూట ముప్పై రూపాయలు మిగిలాయంటారు. మరుసటి ఏడాది భారతరత్న ఇచ్చారు. తిరుమలై పిళ్ళై రోడ్డులోని ఆ ఇంటిని ప్రభుత్వం స్మారకంగా ఉంచింది. టీ.నగర్ అంటే త్యాగరాయ నగర్, అణా టిఫిన్ పెట్టించిన మన త్యాగరాయ చెట్టి గారి పేరే. పెళ్ళి పట్టుచీరల కోసం మనవాళ్ళు ఏటా వెళ్ళే బజారుకు ఆ ఇల్లు ఎంతో దూరం లేదు. ఆడవాళ్ళు చీరలు చూస్తున్నంతసేపు కొట్టు బయట నిలబడే మగవాళ్ళు నడిచి వెళ్ళి చూసి రావచ్చు.